ముందు డాబా ఎక్కండి, ఏసీ షాపుకి తర్వాత వెళ్లొచ్చు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఇరవై ఏళ్ల నాటి ఇల్లు, పైన శ్లాబే, దాని మీద ఇంకో అంతస్తు లేదు. పడమటి గది సాయంత్రానికి కొలిమి అయిపోతోంది. బిల్లు ఏటా పెరుగుతోంది. చేతిలో కొంత డబ్బుంది కాబట్టి కొత్త ఏసీ కొనాలా, కిటికీలకి డబుల్ గ్లాస్ వేయించాలా, డాబా మీద సోలార్ ప్యానెళ్లు పెట్టించాలా అని. నన్నడిగితే ఈ మూడూ ఇప్పుడే వద్దు. ఎందుకు వద్దంటున్నానో, వాటికన్నా ముందు ఏం చేయాలో కాస్త వివరంగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

పదిహేనేళ్ల పైబడి ఇళ్లకి ఎనర్జీ ఆడిట్లు, అంటే కరెంటు ఎక్కడ వృథా అవుతోందో కొలిచి చూడడం, చేస్తున్నాను. నన్ను పిలిచేవాళ్లలో ఎక్కువమంది అప్పటికే ఏదో ఒక మెషీన్ కొనేసి, బిల్లు తగ్గలేదని పిలుస్తారు. చిల్లు కుండలో నీళ్లు పోస్తూ, ఇంకా పెద్ద చెంబు ఏదైనా ఉందా అని అడిగినట్టు ఉంటుంది. వేడి లోపలికి రాకుండా చూడడం ముందు, వచ్చిన వేడిని బయటికి తోసే మెషీన్ తర్వాత. చలి ప్రాంతాల్లో ఉన్నవాళ్లకి దిశ తిరగబడుతుంది, వరస మాత్రం ఇదే.

అన్నిటికంటే ముందు కొలత. దీనికి పైసా ఖర్చు లేదు. మీ కరెంటు మీటరు మీద ఒక చిన్న ఎర్ర లైటు మిణుకుమంటూ ఉంటుంది, దాని పక్కనే 3200 అనో 1600 అనో 1000 అనో ఒక అంకె రాసి ఉంటుంది. అంటే అన్నిసార్లు మిణుకుమంటే ఒక యూనిట్ కాలినట్టు. 36 లక్షలని ఆ అంకెతో భాగించండి, వచ్చినదాన్ని ఒక మిణుకుకీ తర్వాతి మిణుకుకీ మధ్య ఎన్ని సెకన్లు పట్టిందో దాంతో మళ్లీ భాగించండి, ఆ క్షణాన ఇల్లు ఎన్ని వాట్లు లాగుతోందో తెలిసిపోతుంది. 3200 మీటరు అయితే 36 లక్షలు భాగించు 3200 అంటే 1125. సెకనుకోసారి మిణుకుమంటే 1125 వాట్లు, పది సెకన్లకోసారి అయితే 112 వాట్లు. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని పది మిణుకులు లెక్కపెట్టి పదితో భాగిస్తే ఇంకా కచ్చితంగా వస్తుంది.

ఈ లెక్క అందరూ పడుకున్నాక, ఏసీ, ఫ్యాన్లు, లైట్లు అన్నీ ఆపేసి ఒకసారి చేయండి. ఫ్రిజ్ మోటార్ తిరుగుతున్నప్పుడు ఒకసారి, ఆగినప్పుడు ఒకసారి. ఒక ఇంట్లో ఇలాగే అర్ధరాత్రి టార్చి వేసుకుని మీటరు ముందు నిలబడ్డాం, ఆ ఇంటాయన లెక్కపెడుతుంటే నేను సెకన్లు చూస్తున్నాను. నాలుగు సెకన్లకోసారి మిణుకుతోంది. అంటే 280 వాట్లు, అన్నీ ఆపేశాక! రోజుకి 6.7 యూనిట్లు, ఏడాది పొడవునా అలాగే పోతే 2,450 యూనిట్లు. మెయిన్ బోర్డులో ఒక్కొక్క ఎంసీబీ (ఒక్కో లైనుకీ ఉండే స్విచ్చు) దించుకుంటూ పోతే దొంగలు దొరికారు: స్టోర్‌రూమ్‌లో ఒక పాత ఫ్రిజ్, లోపల రెండు వాటర్ బాటిళ్లు తప్ప ఏమీ లేవు, టీవీ పక్కన ఎప్పుడూ ఆఫ్ కాని సెట్‌టాప్ బాక్సు, రాత్రింబగళ్లు ఆన్‌లోనే ఉన్న గీజర్, కంప్యూటరు, దానికున్న యూపీఎస్. ఆ ఇంటాయన అంతకు ముందు వారమే సోలార్‌కి కొటేషన్ తీసుకున్నాడు.

స్టాండ్‌బై, అంటే వాడకపోయినా ప్లగ్గులో ఉన్నందుకే లాగే కరెంటు, దాని గురించి ఒక లెక్క గుర్తుంచుకుంటే చాలు. ఏడాదంతా ఆగకుండా లాగే ఒక్కో వాటూ 8.76 యూనిట్లు తింటుంది. ఫోన్ చార్జర్ ప్లగ్గులో ఖాళీగా ఉంటే పోయేది అందులో అణువంత, దాని గురించి ఇంట్లో పిల్లల మీద అరవడం దండగ. 10 వాట్లు లాగే బాక్సు అయితే ఏడాదికి 87 యూనిట్లు, అది పట్టించుకోవలసిందే.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం, మీ డాబా.

మిట్టమధ్యాహ్నం నేరుగా పడే ఎండ చదరపు మీటరుకి ఇంచుమించు 1000 వాట్లు ఉంటుంది. నల్లబడిన పాత శ్లాబు అందులో చాలా భాగాన్ని మింగేస్తుంది, పైభాగం 60 డిగ్రీలు దాటడం పెద్ద విశేషమేమీ కాదు. కాంక్రీటు వేడిని ఆపదు, ఆలస్యం చేస్తుంది, అంతే. ఆరు అంగుళాల శ్లాబులో పైనున్న వేడి కిందికి దిగడానికి నాలుగైదు గంటలు పడుతుంది, కాబట్టి మధ్యాహ్నం రెండింటి ఎండ మీకు రాత్రి ఏడింటికి సీలింగ్ నుంచి దిగుతుంది. బయట గాలి చల్లబడ్డాక కూడా గదిలో ఉక్కగా ఉండడానికి కారణం ఇదే. ఈ రాత్రి తొమ్మిదింటికి స్టూలెక్కి సీలింగ్‌కి అరచేయి ఆనించి చూడండి, తర్వాత లోపలి గోడకి ఆనించండి. తేడా చేతికే తెలుస్తుంది. ఇరవై నాలుగ్గంటల సగటున చదరపు మీటరుకి 45 వాట్లు లోపలికి దిగుతోంది అనుకుందాం. 12 చదరపు మీటర్ల గదికి 540 వాట్లు. అంటే అర కిలోవాట్ హీటరు ఒకటి సీలింగ్‌కి వేలాడదీసి, దాన్ని ఆపకుండా, దాని కింద ఏసీ వేసుకున్నట్టు.

దీనికి రెండు మందులు. ఒకటి తెల్లరంగు. మామూలు సున్నమైనా ఫర్వాలేదు గానీ వానకి పోతుంది, సూర్యరశ్మిని తిప్పికొట్టే కూల్ రూఫ్ కోటింగ్ వేయిస్తే కొత్తలో ఎండలో 80 శాతం దాకా తిప్పికొడుతుంది. ఉత్త కాంక్రీటు అయితే మూడో వంతు కూడా కష్టం. ఒక రోజులో అయ్యే పని, ఖర్చు తక్కువ, ఫలితం మర్నాడే తెలుస్తుంది. కాకపోతే దుమ్ము పట్టేకొద్దీ దాని పస తగ్గుతుంది, ఏడాదికి ఒకటి రెండు సార్లు కడగాలి, కొన్నేళ్లకి మళ్లీ వేయాలి. ఈ మాట కోటింగ్ అమ్మేవాళ్లు చెప్పరు. ఇంకో మాట కూడా చెప్పరు: ఈ రంగు పని ఎండ తగిలే చోటే. గది లోపల సీలింగ్‌కి 'హీట్ ప్రూఫ్' పెయింటు వేస్తే పది డిగ్రీలు తగ్గుతుందని ఎవరైనా అంటే దండం పెట్టి పంపించేయండి. వెంట్రుక మందం పెయింటు వేడిని ఎలా ఆపుతుంది?

రెండోది ఇన్సులేషన్. ఎక్స్‌పీఎస్ అనే గట్టి ఫోమ్ బోర్డులు దొరుకుతాయి, 50 మిల్లీమీటర్ల బోర్డు వేడిని ఆపడంలో రెండు మీటర్ల మందం కాంక్రీటుకి సమానం, తప్పు చదవలేదు, రెండు మీటర్లే. లెక్క ప్రకారం ఉత్త శ్లాబు మీద 50 మిల్లీమీటర్లు వేస్తే దిగే వేడి దాదాపు ఆరో వంతుకి పడిపోతుంది. దాన్ని 100 చేస్తే పదకొండో వంతు. అంటే మొదటి రెండంగుళాలే అసలు పని చేస్తాయి, తర్వాతి రెండంగుళాలకి అంత గిట్టుబాటు లేదు, మీరుండేది మరీ మంచు కురిసే చోటైతే తప్ప. ఇన్సులేషన్ శ్లాబు మీద వేయడం మేలు, కింద ఫాల్స్ సీలింగ్‌లో వేయడం రెండో ఎంపిక. కింద వేస్తే శ్లాబు మాత్రం ఎండకి వేడెక్కి, రాత్రికి చల్లబడి, ఏళ్ల తరబడి సాగుతూ ముడుచుకుంటూ పగుళ్లు పడుతూనే ఉంటుంది. పైన వేస్తే శ్లాబుకి కూడా గొడుగు పట్టినట్టు అవుతుంది.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి, ఎందుకంటే మీరు ఇదే తప్పు చేసే అవకాశం బాగా ఉంది. మొదట్లో ఒక ఇంటికి డాబా మీద బోర్డులు పరిపించి పైన కాంక్రీటు పూత వేయించాను. శ్లాబు ఎక్కడైనా కారుతోందా అని చూడలేదు, ఇంటివాళ్లు లేదన్నారు, నేను సరే అన్నాను. తర్వాతి వానలకి సీలింగ్ మీద మ్యాపుల్లా మరకలు. నీళ్లు ఎక్కణ్ణుంచి దిగుతున్నాయో కనిపెట్టడానికి వీల్లేదు, ఎందుకంటే పైన కప్పేశాం. మొత్తం పగలగొట్టి, వాటర్‌ప్రూఫింగ్ చేయించి, మళ్లీ పరిచాం, ఆ ఖర్చులో సగం నా జేబులోంచే పోయింది. అప్పటి నుంచీ డాబా మీద గొట్టాలకి గుడ్డలు కుక్కి, రెండు మూడంగుళాల నీళ్లు నిలబెట్టి, రెండు రోజులు చూశాకే బోర్డు పరవడం. పిట్టగోడ అడుగున శ్లాబు కలిసే మూల, పైపులు దిగే చోటు, నీళ్లు కారేవి నూటికి తొంభై అక్కడే.

అల్యూమినియం రేకు గురించి కూడా జనంలో ఒక అపోహ ఉంది. మెరిసే రేకు వేడిని తిప్పికొడుతుంది, నిజమే, కానీ దాని ముందు గాలి ఉన్న ఖాళీ ఉంటేనే. సిమెంటుకీ బోర్డుకీ మధ్య అంటించేస్తే అది ఉత్త లోహపు పొర, వేడిని ఆపదు సరికదా హాయిగా పాస్ చేస్తుంది. రేకుల కప్పు ఉన్నవాళ్లు దాని కింద రెండు మూడంగుళాల ఖాళీ వదిలి ఈ మెరిసే అల్యూమినియం రేకుని కట్టుకుంటే మాత్రం బ్రహ్మాండంగా పని చేస్తుంది.

ఇప్పుడు పడమటి గది. మీ కిటికీ మీటరున్నర వెడల్పు, 1.2 మీటర్ల ఎత్తు అన్నారు, అంటే 1.8 చదరపు మీటర్లు. సాయంత్రం ఎండ అడ్డంగా వచ్చి గాజు మీద పడుతుంది, చదరపు మీటరుకి 650 వాట్లు అనుకుంటే, మామూలు గాజు అందులో 80 శాతం లోపలికి వదిలేస్తుంది. మొత్తం 900 వాట్ల పైమాటే. అదే కిటికీకి డబుల్ గ్లాస్ వేశారనుకోండి. సింగిల్ గాజు గుండా డిగ్రీకి చదరపు మీటరుకి 5.8 వాట్లు పోతే, మామూలు డబుల్ గాజుకి 2.8. బయటా లోపలా తేడా 10 డిగ్రీలు ఉంటే మీకు మిగిలేది 54 వాట్లు. ఎండ తెచ్చే 900 ఎక్కడ, గాజు ఆపే 54 ఎక్కడ! మామూలు డబుల్ గాజు కూడా ఎండని చాలా వరకు లోపలికే పంపుతుంది, ఎండని ఆపే లో-ఈ పూత ఉన్న గాజు వేరే, దాని ధర వేరే. అందుకే వేడి ప్రాంతాల్లో డబుల్ గ్లాస్ ముందు వద్దంటాను. రోడ్డు పక్క ఇల్లయి, హోరు భరించలేక వేయించుకుంటే అది వేరే సంగతి. చలి దేశాల్లో లోపల 20, బయట మైనస్ 10 ఉంటే తేడా 30 డిగ్రీలు, అదీ రాత్రింబగళ్లు, అక్కడ ఈ లెక్క పూర్తిగా మారిపోతుంది, డబుల్ కాదు ట్రిపుల్ గ్లాస్ కూడా గిట్టుబాటే.

మరి మీ కిటికీకి ఏం చేయాలి? ఎండని గాజుకి బయటే ఆపాలి. లోపల కర్టెన్ వేస్తే ఎండ అప్పటికే ఇంట్లోకి వచ్చేసింది, కర్టెన్ వేడెక్కి ఆ వేడిని గదిలోకే వదులుతుంది, ముదురు రంగు కర్టెన్ అయితే మరీను. బయట వెదురు తడికె కట్టినా, గుడ్డ పందిరి లాంటిది లాగినా, షట్టరు పెట్టినా, చెట్టు ఉన్నా, ఎండలో ముప్పాతిక వంతుకి పైగా అక్కడే ఆగిపోతుంది. సజ్జ ఉందిగా అంటారేమో. నడినెత్తిన ఉన్న సూర్యుడికి సజ్జ అడ్డం పడుతుంది, భూమధ్యరేఖకి ఉత్తరాన ఉన్నవాళ్లకి దక్షిణపు కిటికీ మీద అది చక్కగా పని చేస్తుంది, ఎండాకాలం ఎండని ఆపి చలికాలం కిందికి వాలిన ఎండని లోపలికి రానిస్తుంది. తూర్పు పడమరల సూర్యుడు మాత్రం నేలబారుగా వస్తాడు, అక్కడ సజ్జ ఎంత పొడుగున్నా లాభం లేదు, నిలువుగా అడ్డం పెట్టాల్సిందే. గోడ కూడా పడమటి ఎండకి కాలుతుంది కాబట్టి లేత రంగు వేయించండి, వీలైతే గోడకి అడుగు దూరంలో జాలీ పాతి తీగ పాకించండి. గోడలకి ఇన్సులేషన్ పెద్ద ఖర్చు, మీ విషయంలో డాబా, కిటికీ అయ్యాక దాని అవసరం రాకపోవచ్చు.

సందుల సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ఏసీ వేసుకునే గది తలుపు కింద 8 మిల్లీమీటర్ల సందు ఉందనుకోండి, తలుపు వెడల్పు 90 సెంటీమీటర్లు. అంటే 72 చదరపు సెంటీమీటర్లు, గోడకి ఇంచుమించు 10 సెంటీమీటర్ల వ్యాసంతో కన్నం పొడిచినట్టు. కిటికీ రెక్కల మధ్య, ఏసీ పైపు గోడలోంచి వెళ్లే చోట, ఎగ్జాస్ట్ ఫ్యాన్ రంధ్రం, స్విచ్ బోర్డుల వెనక, ఇవన్నీ కలిపితే కిటికీ ఒకటి తీసి ఉంచినట్టే. గాలి బాగా వీచే రోజున ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, అగరొత్తి వెలిగించి సందుల దగ్గర పట్టుకోండి, పొగ ఎటు వంగితే అటు గాలి నడుస్తున్నట్టు. రబ్బరు బీడింగ్, తలుపు కింద బ్రష్ పట్టీ, పైపుల చుట్టూ ఫోమ్, ఒక ఆదివారం పని. నిపుణులైతే తలుపుకి పెద్ద ఫ్యాన్ బిగించి 50 పాస్కల్ ఒత్తిడి దగ్గర ఇల్లు గంటకి ఎన్నిసార్లు గాలి మార్చుకుంటోందో కొలుస్తారు. జర్మనీలో పుట్టిన పాసివ్ హౌస్ ప్రమాణం (చాలా తక్కువ ఎనర్జీతో నడిచే ఇళ్లకి పెట్టిన కొలమానం) కొత్త ఇంటికి 0.6 సార్లు, పాత ఇంటిని బాగు చేస్తే 1 అంటుంది. మీకు అంత పట్టుదల అవసరం లేదు. నాలుగు తలుపులు, ఆరు కిటికీలు సరిచేస్తే చాలు.

ఒక్క హెచ్చరిక, దీన్ని మాత్రం దాటేయకండి. ఇంట్లో గ్యాస్ గీజర్, బొగ్గుల కుంపటి, పొగగొట్టం లేని హీటరు, అంటే లోపలి గాలితో మండేది ఏది ఉన్నా, సందులు మూసే ముందు దాన్ని బయటికైనా మార్చాలి, లేదా గాలి వచ్చే దారి, పొగ పోయే దారి విడిగా పెట్టాలి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, రంగు ఉండదు, బాత్రూమ్‌లో మనిషి పడిపోయేదాకా తెలియదు. అలాగే వంటగది, బాత్రూముల తేమ బయటికి పోయే ఫ్యాన్లు పని చేస్తూ ఉండాలి, లేకపోతే గోడల మూలల్లో బూజు పడుతుంది. చలి ప్రాంతాల వాళ్లయితే గోడకి లోపలివైపు ఇన్సులేషన్ వేసేటప్పుడు ఇంకా జాగ్రత్త, ఇంట్లోని తేమ దాని వెనకున్న చల్లటి గోడని తాకి నీళ్లవుతుంది, ఆవిరిని ఆపే పొర వెచ్చటి వైపున ఉండాలి.

గాలి గురించే ఇంకొకటి. కిటికీలు ఎప్పుడు తెరవాలి అన్నదానికి అలవాటు కాదు, థర్మామీటరు జవాబు చెప్పాలి. లోపలొకటి బయటొకటి పెట్టుకోండి. బయట చల్లగా ఉంటే తెరవండి, వేడిగా ఉంటే మూయండి. పొద్దున్నే మూసేసి రాత్రి బార్లా తెరిచే ఇల్లు, పగలంతా తెరిచి ఉంచిన ఇంటికంటే మధ్యాహ్నం చాలా చల్లగా ఉంటుంది. మేడ మెట్ల పైన తలుపు రాత్రి తీసి ఉంచితే వేడిగాలి పొగగొట్టంలోంచి పోయినట్టు పైకి పోతుంది. గాలిలో తేమ బాగా ఎక్కువగా ఉండే చోట ఇది అంత పని చేయదు, తేమ కూడా లోపలికి వస్తుంది కదా.

ఇవన్నీ అయ్యాక మెషీన్లు. ఇప్పుడు మీకు రెండు టన్నుల ఏసీ అనిపించిన గదికి ఒకటి సరిపోవచ్చు, అందుకే ఏసీని చివర కొనమంటున్నాను. టన్ను అంటే 3.5 కిలోవాట్ల వేడిని బయటికి తోయగలగడం. అవసరానికి మించి పెద్ద ఏసీ పెడితే ఏమవుతుందో నా ఇంట్లోనే చూశాను: పది నిమిషాల్లో గది చల్లబడిపోతుంది, కంప్రెసర్ ఆగిపోతుంది, గాలిలోని తేమ తీయడానికి దానికి టైమే ఉండదు, దుప్పటి చల్లగా జిడ్డుగా తగులుతుంది. ఇన్వర్టర్ ఏసీ, అంటే అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగం మార్చుకునేది అయితే ఈ బాధ కొంత తక్కువ. 16 డిగ్రీలకి పెడితే త్వరగా చల్లబడుతుందనే భ్రమ వదిలేయండి, పాత రకం ఏసీ ఏ నంబరు పెట్టినా ఒకే జోరుతో నడుస్తుంది, 16 పెడితే ఆగదు, అంతే తేడా. ఇన్వర్టర్ మొదట్లో కాస్త ఎక్కువ జోరుగా తిరగొచ్చు, కానీ ఆ తర్వాత గంటలకొద్దీ అక్కరలేని చలి కోసం తిరుగుతుంది. 26 పెట్టి, ఫ్యాన్ తిప్పుకోండి. ఒంటికి తగిలే గాలి మూడు డిగ్రీలు తగ్గినట్టు అనిపిస్తుంది. ఒక్కో డిగ్రీ పెంచితే ఏసీ కరెంటు సుమారు 5, 6 శాతం తగ్గుతుంది. ఉన్న ఏసీకి ఫిల్టరు నెలకోసారైనా కడగండి, బయటి యూనిట్ చుట్టూ గాలి ఆడనివ్వండి. ఒక చోట దాన్ని వానకి తడవకుండా నాలుగు వైపులా రేకు పెట్టె కట్టారు పాపం, అది వదిలిన వేడిగాలినే అది మళ్లీ పీల్చుకుంటూ ఎండల్లో ట్రిప్ అయిపోయేది.

ఫ్యాన్లు గదిని చల్లబరచవు, మనిషిని చల్లబరుస్తాయి, గదిలో ఎవరూ లేకపోతే ఆపేయండి. పాత ఫ్యాన్ 75 వాట్లు లాగితే బీఎల్‌డీసీ అనే కొత్తరకం మోటారున్న ఫ్యాన్ 30 దగ్గర ఉంటుంది, రోజుకి 12 గంటలు తిరిగితే ఒక్కో ఫ్యాన్ మీద ఏడాదికి 197 యూనిట్లు మిగులుతాయి. గంటల తరబడి తిరిగే ఫ్యాన్లే ముందు మార్చండి, చుట్టాలొచ్చినప్పుడు తిరిగేదానికి తొందర లేదు. లైట్లు ఈపాటికి అందరూ ఎల్ఈడీ చేసేసుకున్నారు కాబట్టి దాని గురించి రాయను.

ఫ్రిజ్ తలుపులో కాగితం పెట్టి మూసి లాగండి, సులువుగా వచ్చేస్తే రబ్బరు పోయినట్టు. ప్లగ్గుకి పెట్టే చిన్న మీటరు దొరుకుతుంది, దాంతో ఇరవై నాలుగ్గంటలు కొలవండి, మామూలు సైజు ఫ్రిజ్ రోజుకి 2 యూనిట్లు దాటుతుంటే దాని రోజులు దగ్గర పడ్డట్టే. కొత్తది కొన్నాక పాతదాన్ని స్టోర్‌రూమ్‌లో పెట్టకండి, పైన చెప్పాను కదా.

గీజర్ లెక్క సూటిగా ఉంటుంది. 15 లీటర్ల నీళ్లని 35 డిగ్రీలు పెంచడానికి 0.6 యూనిట్ చాలు, ఏ కంపెనీ గీజర్ అయినా ఇంతే, ఫిజిక్స్‌కి స్టార్ రేటింగ్ లేదు. తేడా అంతా వాడకంలో, నిల్వలో. స్నానానికి పది పదిహేను నిమిషాల ముందు వేసి, అయ్యాక ఆపేస్తే సరి. నీళ్లు ఎప్పుడూ వేడిగా నిల్వ ఉంచే పెద్ద ట్యాంకులు ఉన్నవాళ్లు మాత్రం కరెంటు ఆదా అని 60 డిగ్రీల కంటే తగ్గించకండి, గోరువెచ్చటి నిల్వ నీళ్లలో లెజియోనెల్లా అనే బాక్టీరియా పెరుగుతుంది. ఇంట్లో మనుషులు ఎక్కువగా ఉండి వేడినీళ్లు బాగా కావాలంటే హీట్ పంప్ గీజర్ చూడండి, అది చుట్టూ ఉన్న గాలిలోని వేడిని లాగి నీళ్లకిస్తుంది, అందుకే ఒక యూనిట్ కరెంటుకి మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. మామూలు గది హీటర్ల దగ్గర మాత్రం ఆ లాభం లేదు. ఆయిల్ హీటరు, ఫ్యాన్ హీటరు, క్వార్ట్జ్ రాడ్, అన్నీ ఒక యూనిట్‌కి ఒక యూనిట్ వేడే ఇస్తాయి, ఏది ఆదా అన్న చర్చే అనవసరం.

మీరు నీళ్ల మోటారు గురించి టెన్షన్ పడుతున్నారు, అక్కర్లేదు. 1000 లీటర్లని 10 మీటర్లు ఎత్తడానికి నిక్కచ్చిగా కావలసింది 0.027 యూనిట్. మోటారు, పంపు, పైపుల నష్టాలన్నీ కలిపి నాలుగింతలు వేసుకున్నా 0.1 యూనిట్. వంద మీటర్ల లోతు బోరు అయితే దానికి పదింతలు, అప్పుడు ట్యాంకు నిండి పొర్లకుండా చూసుకోండి.

సోలార్‌కి నేను వ్యతిరేకిని కాను, మా డాబా మీదా ఉంది. కానీ వరస చూడండి. కెనడాలోని రెజైనాలో 1977లో హెరాల్డ్ ఓర్ అనే ఇంజనీరు, ఇంకొందరు కలిసి ఒక ప్రయోగపు ఇల్లు కట్టారు, అంత చలిలో ఇంటిని వెచ్చబెట్టే మామూలు ఫర్నేస్ లేకుండా. దానికి సూర్యుడి వేడిని పట్టే ఖరీదైన వ్యవస్థ కూడా పెట్టారు. ఆ ఇంటి నుంచి ప్రపంచం నేర్చుకుని ఇప్పటికీ వాడుతున్నది మాత్రం ఆ సోలార్ వ్యవస్థ కాదు, సందులు గట్టిగా మూయడం, ఇన్సులేషన్ దిట్టంగా వేయడం. వాడకం ముందు తగ్గించుకుంటే 5 కిలోవాట్ల ప్యానెళ్లు అనుకున్నచోట 3 సరిపోతాయి. పైగా ప్యానెళ్లు బిగించాక వాటి కింద వాటర్‌ప్రూఫింగ్, ఇన్సులేషన్ చేయాలంటే అన్నీ విప్పాలి, ఇదొక్కటి చాలు డాబా పని ముందు పూర్తి చేసుకోవడానికి. ప్యానెళ్ల నీడ పడిన మేర శ్లాబు చల్లగా ఉంటుంది, అది కొసరు.

ఒక బలహీనత గురించి కూడా చెప్పాలి. 1865లోనే జెవన్స్ అనే ఆర్థికవేత్త గమనించాడు, ఆవిరి యంత్రాలు తక్కువ బొగ్గుతో నడవడం మొదలయ్యాక బొగ్గు వాడకం తగ్గలేదు, పెరిగింది. ఇళ్లలోనూ అంతే. బిల్లు తగ్గిందని మూడో గదిలో కూడా ఏసీ పెట్టినవాళ్లని చూశాను. అది మీ ఇష్టం, సుఖం కోసమే కదా ఇదంతా, కానీ అప్పుడు ఇన్సులేషన్ పని చేయలేదని నన్ను తిట్టకూడదు.

కాబట్టి మీ డబ్బుతో ఈ వరసలో వెళ్లండి. ఈ వారం మీటరు లెక్క, బీడింగులు, పడమటి కిటికీకి బయట తడికె. ఈ నెలలో డాబా మీద నీళ్లు నిలబెట్టి చూడడం, కారే చోట్లు సరిచేయడం, తెల్ల కోటింగ్. కోటింగ్‌తోనే గది మీకు ఓర్చుకునేంత అయిపోతే ఇన్సులేషన్ మానేసినా నాకేం అభ్యంతరం లేదు. ఇన్సులేషన్ వేయించేటట్టయితే బోర్డుల పైన ఎలాగూ కొత్త పూత వస్తుంది కాబట్టి కోటింగ్ అప్పటిదాకా ఆపండి, రెండుసార్లు ఖర్చు ఎందుకు. ఏ పనికైనా కొటేషన్ వచ్చినప్పుడు ఆ ఖర్చుని ఏడాదికి మిగిలే యూనిట్లతో భాగించి పక్కపక్కన రాసుకోండి, ఏది ముందో కాగితమే చెబుతుంది.

రేపు రాత్రి లెక్కపెట్టాక మూడు విషయాలు ఇక్కడ రాయండి: మీటరు మీద ఉన్న అంకె, ఫ్రిజ్ తిరుగుతున్నప్పుడూ ఆగినప్పుడూ మిణుకుకీ మిణుకుకీ మధ్య సెకన్లు, ఫ్రిజ్ కొని ఎన్నేళ్లయిందో. డాబా ఫొటో కూడా పెట్టండి, ముఖ్యంగా పిట్టగోడ మూలలు కనిపించేలా. అవి చూశాక బోర్డుల మందం సంగతి మాట్లాడుకుందాం.